ఊరి అక్కరను తమదిగా తలచినవారు

లోకమున దయకు కొఱత యున్నదని చెప్పజాలము. ఆకలిగొన్నవానిని చూచి నొచ్చుకొననివారు అరుదు. దారిలో దెబ్బ తగిలి పడియున్నవానిని చూచి అయ్యో యనని నోరు లేదు. అయినను ఆ నొప్పి ఒక క్షణమున పుట్టి మఱుక్షణమున మాసిపోవుట మనము నిత్యము చూచుచున్నదే. కొందఱు మాత్రము, గొప్ప ధనవంతులు కాకపోయినను, చేత అధికారమేమియు లేకపోయినను, కన్నులయెదుట కనబడిన యొక్క అక్కరను తమ యింటి పనిగా నెంచి, దానికి ఒక వేళను, ఒక కొలతను, ఒక లెక్కను ఏర్పఱచుకొని, సంవత్సరముల తరబడి విడువక నడపుదురు. జాలిపడువారికిని బాధ్యత వహించువారికిని గల భేదమంతయు ఈ ఏర్పాటులోనే యున్నది. తెలుగుదేశపు చరిత్రలో అట్టి సామాన్యులు ఎట్లు పనిచేసిరో, వారి పని యెంతవరకు నిలిచినదో, ఎచ్చట ఆగినదో తెలిసికొనుట నేటి మనకు మిక్కిలి ప్రయోజనకరము.

ఈ పని మనకు క్రొత్తది కాదు. వేసవి వచ్చినంతనే వీధి మలుపున పందిరి వేసి, క్రొత్త కుండలలో నీరు నింపి బాటసారులకు పోయు చలివేంద్రములు నేటికిని ప్రతి పట్టణమున కనబడుచున్నవి. తెలంగాణమున గొలుసుకట్టు చెఱువుల క్రింద ఎవరి మడికి ఎంత నీరు పారవలెనో చూచుటకు నీరటి యుండెడివాడు. పంట యింటికి వచ్చినపుడు రైతులు అతనికి ధాన్యము కొలిచి యిచ్చెడివారు. చెఱువు త్రవ్వించిన ప్రభువుల పేర్లు శాసనముల కెక్కినవి. వానలు ముంచెత్తిన రాత్రి తూము దగ్గఱకు పోయి, కట్ట గట్టిగా నున్నదో లేదో చూచి వచ్చిన నీరటుల పేర్లు ఏ శాసనమునను లేవు. పేరు నిలువనివారిని గూర్చి వ్రాయుట కష్టము. కావున పేరు నిలిచిన యొకరితోనే ఆరంభింపవలసియున్నది.

ధవళేశ్వరము దాటిన పిమ్మట గోదావరి పాయలుగా చీలి సముద్రమును చేరును. ఆ పాయల నడుమనున్న లంకభూమియే కోనసీమ. కొబ్బరితోటలును వరిచేలును గల ఆ సీమ సంపన్నమైనదే కాని, వంతెనలు లేని దినములలో ఒక యూరినుండి మఱియొక యూరికి పోవుట సులభముగా నుండెడిది కాదు. రేవున పడవ కొఱకు కాచుకొనవలెను. వరద వచ్చినచో పడవ కదలదు. ఆవలి యొడ్డు చేరునప్పటికి ప్రొద్దుపోయినచో పూటకూటి యిల్లు లేని పల్లెలో పస్తుండవలసినదే. వైనతేయపాయ దగ్గఱనున్న లంకల గన్నవరము అట్టి త్రోవలోని గ్రామము. అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి కల్యాణమునకు మాఘమాసమున పోవు యాత్రికులును, సంతలకును పెండ్లిండ్లకును పోవువారును ఆ ప్రాంతముమీదుగానే రాకపోకలు సాగించుచుండిరి.

1841లో మండపేటలో పుట్టిన సీతమ్మ, డొక్కా జోగన్నగారి భార్యయై ఆ యూరికి వచ్చెను. ఆమె తండ్రి భవానీశంకరముగారు అడిగినవారికెల్ల అన్నము పెట్టుచుండుటచే ఊరివారు ఆయనను బువ్వన్న యని పిలుచుచుండిరని చెప్పుదురు. జోగన్నగారిది వ్యవసాయ కుటుంబము. రాజ్యములు లేవు, జమీలు లేవు. పొలము, పాడి, ధాన్యపు గాదె గల యిల్లు మాత్రమే. ఆ యింటి వాకిట నిలిచినవానికి వేళ కాదని చెప్పకుండ, కులమేమని యడుగకుండ అన్నము పెట్టుట ఆ దంపతులు తమ నియమముగా చేసికొనిరి. చెప్పుటకు ఇది యొక్క వాక్యమే; చేయుటకు ఎంతటి పనియో యోచింపుడు. ఆ కాలమున బియ్యపు మరలు లేవు. వడ్లు దంచినగాని బియ్యము లేదు. కట్టెలు ఎండబెట్టి దాచవలెను; వానాకాలమునకు పప్పులు, ఊరగాయలు ముందుగా సమకూర్చుకొనవలెను; ఎంతమంది వత్తురో తెలియకుండ ఎసరు పెట్టవలెను. అర్ధరాత్రి తలుపు తట్టినవానికొఱకు ఆఱిన పొయ్యి మరల రాజేయవలెను. ఇట్టి పని ఒక పండుగనాడు ఎవ్వరైనను చేయగలరు. జీవితమంతయు, భర్త గతించిన పిమ్మట సైతము, విసుగక చేయుటయే ఆమె విశిష్టత.

ఒకప్పుడు ఆమె అంతర్వేది తీర్థమునకు బయలుదేరగా, దారిలో ఆకలితో నున్న కొందఱు గన్నవరము చేరినచో సీతమ్మగారి యింట అన్నము దొరకునని మాటలాడుకొనుట విని, దైవదర్శనము మానుకొని వెంటనే వెనుకకు మఱలి, వారు చేరునప్పటికి వంట సిద్ధము చేసెనని కోనసీమలో నేటికిని చెప్పుకొందురు. ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేక సందర్భమున ఆమెకు గౌరవాహ్వానము రాగా, వచ్చువారికి అన్నము పెట్టుట మాని పోజాలనని ఆమె నిరాకరించెననియు, అధికారులు ఆమె ఛాయాచిత్రమును మాత్రము తీయించి పంపిరనియు మఱియొక కథ ప్రసిద్ధము. ఈ రెండు కథలలోను ఒకటే గుణము కనబడుచున్నది: పుణ్యము వచ్చు తావునకు గాని, కీర్తి వచ్చు తావునకు గాని పోవుటకంటె తన కొఱకు ఎదురుచూచువాని కడ నుండుటయే ఆమెకు ముఖ్యమైనది. 1909లో ఆమె పరమపదించెను. నేడు ఆ వైనతేయపాయమీద నిర్మించిన అక్విడక్టునకు ఆమె పేరే పెట్టిరి. ఆంధ్రప్రదేశములో బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకమునకును ఆమె పేరే యున్నది.

అయినను ఒక్క మాట చెప్పక తప్పదు. ఎంత గొప్ప యిల్లైనను దాని బలము ఒక ఆయుర్దాయముతోను, కొన్ని యెకరముల పంటతోను ముగియును. సీతమ్మగారి తరువాత ఆ పొయ్యి అదే తీరున మండలేదనుట ఆమె తప్పు కాదు. ఒంటరి బాధ్యతకు ఆ పరిమితి సహజమైనది. అదే భారమును పదిమంది పంచుకొని, ఒక సంఘముగా నేర్పడి, ఒకరు పోయిన చోట మఱియొకరు నిలుచునట్లు చేసికొన్నచో ఏమగునో చూపినది గ్రంథాలయోద్యమము.

1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము స్థాపితమైనది. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు, రావిచెట్టు రంగారావుగారు మొదలగువారు దాని స్థాపకులు. ఉర్దూ రాజభాషగా నుండి తెలుగు బడులు అరుదైన ఆ హైదరాబాదు సంస్థానములో, ఒక తెలుగు పత్రికను పదిమంది కూర్చుండి చదువుకొను చోటు కల్పించుటయే గొప్ప సాహసము. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము వెలసెను. తరువాతి కాలమున సభ జరుపవలెనన్న ముందుగా ప్రభుత్వానుమతి పొందవలెనను గస్తీ నిషాన్ నిబంధన అడ్డువచ్చినను, ఉపాధ్యాయులును, వకీళ్లును, చిన్న వర్తకులును చందాలు వేసికొని ఊరూరను పుస్తకపు బీరువాలను నెలకొల్పుచునే యుండిరి.

కోస్తా జిల్లాలలో 1914లో బెజవాడయందు ప్రథమ గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి అధ్యక్షతన జరిగి, ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఏర్పడెను. అందుకు ముఖ్యకారకులలో నొకరైన అయ్యంకి వెంకటరమణయ్యగారు తమ జీవితమంతయు ఈ యొక్క పనికే ధారవోసిరి. గ్రంథాలయ యాత్రలు చేసి, గ్రంథాలయ సర్వస్వము అను పత్రికను నడపి, పల్లెవారిని ప్రోత్సహించిరి. 1918లో వేటపాలెమున ఆరంభమైన సారస్వత నికేతనమునకు 1929లో గాంధీమహాత్ముడు శంకుస్థాపన చేసెను. 1935లో పాతూరి నాగభూషణముగారు పుస్తకములను పడవ కెక్కించి కృష్ణా కాలువలమీద గ్రంథాలయమును నడపిరి. పాఠకుడు పుస్తకము దగ్గఱకు రాలేనపుడు పుస్తకమే పాఠకుని దగ్గఱకు పోవలెననుట వారి నిశ్చయము.

పల్లెలో గ్రంథాలయము నెలకొల్పుటకు కావలసినది అల్పమే. ఒకరి వీధి యరుగో, వాడుకలో లేని గదియో చాలును. ఒకరు బీరువా యిత్తురు. ఒకరు పత్రికకు చందా కట్టుదురు. చదువుకొన్న పిల్లవాడొకడు సాయంత్రము తలుపు తీసి, పుస్తకము తీసికొన్నవాని పేరును పట్టీలో వ్రాసికొనును. చదువు రానివారికి పత్రిక బిగ్గరగా చదివి వినిపించుట ఆనాటి గ్రంథాలయములలో సర్వసామాన్యమైన కార్యము. ఇందులో కఠినమైనది ఒక్కటే: ప్రతిదినము ఆ వేళకు తలుపు తెఱచుట. ఒకనాడు తెఱచి మఱునాడు తెఱవనిచో పాఠకుడు మరల రాడు. స్వచ్ఛందసేవలో పదింట తొమ్మిదిపాళ్లు విఫలమగుట ధనలోపముచేత గాక ఈ సమయపాలన లోపముచేతనే యని నా యభిప్రాయము.

ఈ ఉద్యమ ఫలితముగా ప్రభుత్వములు కదలవలసి వచ్చెను. 1948లో మద్రాసు రాష్ట్రమున, 1955లో హైదరాబాదు రాష్ట్రమున, 1960లో ఆంధ్రప్రదేశమున గ్రంథాలయ చట్టములు వచ్చినవి. ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయపు పన్ను వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థల ద్వారా శాఖలను నడపు పద్ధతి ఏర్పడినది. సామాన్యులు ఆరంభించిన పనిని ప్రభుత్వము తన విధిగా స్వీకరించుట ఆ సామాన్యుల కార్యమునకు పరమావధి యని చెప్పవచ్చును. కాని దానివెంట ఒక కీడును వచ్చును. పన్ను కట్టితిమి గదా, ఇక మన పని తీరెనని ఊరివారు తలంతురు. పన్నుతో బీరువాలను కొనవచ్చును. పిల్లలను పుస్తకముల దగ్గఱకు చేయిపట్టి తీసికొనివచ్చు పెద్దవారిని కొనలేము.

పైరెండు ఉదాహరణములలోను చేయువారికి ఎంతో కొంత ఆధారముండెను: భూమియో, చదువో, సంఘములో గౌరవమో. ఇవేవియు లేనివారు ఏమి చేయగలరను ప్రశ్నకు సమాధానము నెల్లూరు జిల్లాలోని దూబగుంట గ్రామము చెప్పినది. 1990 తరువాతి సంవత్సరములలో ఆ జిల్లాలో అక్షరదీపము అను పేర సాక్షరతోద్యమము జరిగినది. పగలంతయు కూలిపని చేసిన స్త్రీలు రాత్రివేళ దీపము చుట్టు చేరి పలకలు పట్టిరి. అచ్చట అక్షరములతోపాటు తమ యిండ్ల కష్టములు చర్చకు వచ్చెను. ప్రభుత్వమే వారుణివాహిని పేర సారాను పొట్లములలో పల్లెపల్లెకు అందజేయుచుండిన కాలమది. పురుషుని కూలి సారాకొట్టులోనే ముగిసిపోగా, పిల్లల కడుపు నింపుట, త్రాగివచ్చినవాని చేతి దెబ్బలు తినుట స్త్రీల వంతుగా నుండెను.

దూబగుంట స్త్రీలు కూడబలుకుకొని తమ యూరిలో సారాకొట్టు మూయించిరి. వారిలో వర్ధినేని రోశమ్మ పేరు తరువాత దేశమంతటను తెలిసినది. వారి కథ ఇతర గ్రామములలో సాక్షరతా పాఠముగా చదువబడగా, మా యూరిలో మాత్రము ఏల కాదని అచ్చటి స్త్రీలును లేచిరి. 1992లో సారా దుకాణముల వేలముపాటలకు స్త్రీలు గుంపులుగా పోయి అడ్డుపడిరి. సారా తెచ్చిన బండ్లను ఊరి పొలిమేరలోనే నిలిపివేసిరి. త్రాగినవాడు తమ భర్తయైనను, అమ్మినవాడు తమ బంధువైనను వెనుదీయలేదు. నాయకులు ఆజ్ఞాపింపగా నడచిన ఉద్యమము కాదిది. పార్టీలును సంఘములును వెనుక వచ్చి తోడుపడినవి. 1993 ఏప్రిలు 15న నెల్లూరు జిల్లాలోను, అదే సంవత్సరము అక్టోబరు 1న రాష్ట్రమంతటను సారా నిషేధింపబడెను. 1995 జనవరి 16న సంపూర్ణ మద్యనిషేధము అమలులోనికి వచ్చెను.

1997లో ఆ సంపూర్ణ నిషేధము సడలింపబడినదనుటయు చరిత్రయే. దొంగసారా, పొరుగురాష్ట్రములనుండి వచ్చు మద్యము, ఖజానాకు తగ్గిన రాబడి కారణములుగా చెప్పబడినవి. కాని ఒక సంగతి గమనింపదగినది. పల్లెలో స్త్రీలు స్వయముగా కాపలా కాచినన్నాళ్లు కొట్టు తెఱవ నెవరికిని ధైర్యము లేకపోయెను. కాపలా భారము పోలీసువారికి అప్పగింపబడిన పిమ్మటనే సందులు ఏర్పడెను. చట్టము తెచ్చుట ఎంత ముఖ్యమో, చట్టము వచ్చిన మఱునాడు సైతము ఊరివారు మేలుకొని యుండుట అంత ముఖ్యము.

విపత్తు వచ్చినపుడు జనులు కదలుట వేఱొక విధము. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తి వేలకొలది ప్రాణములు బలిగొనినపుడు, విద్యార్థులు మొదలుకొని సన్న్యాసులవరకు అన్ని తరగతులవారును అచ్చటకు పరుగెత్తిరి. బురదలోనుండి శవములను తీసి దహనము చేయు భయంకరమైన పనికి సైతము పూనుకొన్నవారుండిరి. సినిమా నటులు వీధులలో జోలె పట్టి విరాళములు సేకరించిరి. ఆ ఔదార్యము నిజమైనది, శ్లాఘ్యమైనది. అయితే ఆపదకు చలించు హృదయము వేఱు, ఆపద లేని దినమున సైతము పని మఱవని నియమము వేఱు. మొదటిది మన జాతికి పుష్కలముగా నున్నది, రెండవదానిని నేర్చుకొనవలసియున్నది.

ఇందుకు రక్తదానము కంటె స్పష్టమైన దృష్టాంతము లేదు. ఎచ్చటనైన రైలు ప్రమాదము జరిగెనని వినినంతనే యువకులు ఆసుపత్రి యెదుట బారులు తీరుదురు. ఆ దినమున కావలసినదానికంటె అధికముగా రక్తము చేరును. కాని రక్తము దాచినకొలది నిలువ ఉండు వస్తువు కాదు. ఎఱ్ఱకణములను శీతలములో నుంచినను సుమారు 42 దినములకు మించి వాడరు. ప్లేట్లెట్లు 5 దినములలోనే పనికిరాకపోవును. మఱియొక ప్రక్క తలసీమియా వ్యాధిగల పిల్లలకు రెండు మూడు వారముల కొకమాఱు, ఏ ప్రమాదమును జరుగని వారములలో సైతము, రక్తము ఎక్కింపవలెను. డబ్బుకు రక్తము అమ్ముకొనుట మన దేశములో సుప్రీంకోర్టు తీర్పు ననుసరించి 1998 నుండి నిషేధింపబడినది. కావున ఆ పిల్లల ప్రాణము పరిచయము లేని దాతల క్రమశిక్షణమీద ఆధారపడియున్నది. 18 సంవత్సరములు నిండి, 65 దాటక, 45 కిలోల బరువునకు తగ్గక ఆరోగ్యముగా నున్నవారిలో పురుషులు మూడు నెలల కొకమాఱును, స్త్రీలు నాలుగు నెలల కొకమాఱును రక్తమీయవచ్చును. ఒకేనాడు వేయిమంది యిచ్చుటకంటె, సంవత్సరము పొడుగున ప్రతివారము ఇరువదిమంది యిచ్చుట మేలు.

ఆపదకు చలించు మనమే రహదారి ప్రమాదమున దెబ్బతిన్నవానిని ఆదుకొనుటకు మాత్రము వెనుకాడుదుము; దానికి కారణము కాఠిన్యము కాదు, భయము. దెబ్బతిన్నవానిని ఆసుపత్రికి చేర్చినచో కోర్టుల చుట్టు తిరుగవలసివచ్చునని, ఖర్చు మన నెత్తిన పడునని పెద్దలు పిల్లలకు చెప్పుట కలదు. ఒకప్పుడు ఆ భయమునకు ఆధారముండవచ్చును; ఇప్పుడు లేదు. 2016లో సుప్రీంకోర్టు ఆమోదించిన మార్గదర్శక సూత్రములును, 2019లో మోటారు వాహనముల చట్టమున చేర్చిన 134ఏ నిబంధనయు సహాయకునకు రక్షణ కల్పించుచున్నవి. క్షతగాత్రుని ఆసుపత్రికి చేర్చినవాడు తన పేరును, విలాసమును చెప్పవలసిన నిర్బంధము లేదు. ఆసుపత్రివారు అతనిని నిలిపివేయరాదు, రుసుము కట్టుమని యడుగరాదు. సద్బుద్ధితో చేసిన సహాయములో పొరపాటున హాని కలిగినను అతనిపై కేసు నిలువదు. తానై సాక్ష్యము చెప్పుటకు ఒప్పుకొన్నచో మాత్రమే పోలీసులు విచారింపవలెను. ప్రమాదము జరిగిన మొదటి గంటలో వైద్యము అందినచో అనేకుల ప్రాణములు దక్కునని వైద్యులు చెప్పుదురు. 2005లో హైదరాబాదు కేంద్రముగా ఆరంభమైన 108 వాహనము వచ్చుటకు సైతము, మొదట ఎవరో యొకరు నిలిచి ఫోను చేయవలెను గదా.

ఇంత చెప్పినంతమాత్రమున ప్రభుత్వముల బాధ్యతను సామాన్యుల భుజములమీదికి నెట్టవలెనని భావింపరాదు. ఆసుపత్రిలో మంచములు లేకపోవుట, బడికి పైకప్పు లేకపోవుట చందాలతో తీరు లోపములు కావు. వానిని అడిగి సాధించుకొనవలసినదే. దూబగుంట స్త్రీలు చేసినదియు అదియే: తమ చేతనైనది తాము చేయుచు, ప్రభుత్వము చేయవలసినదానిని నిలదీసి అడిగిరి. చేతులు కదపక అడుగువాని మాటకు బలముండదు. అడుగక చేయుచు పోవువాని బలము త్వరలో తరిగిపోవును. రెండును కలసినచోటనే ఊరు బాగుపడినది.

పాఠకులారా, గొప్ప సంస్థలను స్థాపింప నవసరము లేదు. మీ వీధిలో ఒంటరిగా నున్న వృద్ధురాలికి వారమున కొకమాఱు మందులు తెచ్చి యిచ్చు బాధ్యతయో, మీ యూరి గ్రంథాలయములో ఆదివారము ఉదయము పిల్లలకు కథ చదివి వినిపించు బాధ్యతయో, సంవత్సరమునకు మూడుమాఱులు రక్తమిచ్చు బాధ్యతయో, మీకు శక్యమైనది ఒక్కటే యెన్నుకొనుడు. దానికి దినమును, వేళను నిర్ణయించి గోడమీది పంచాంగమున గుర్తు పెట్టుకొనుడు. మీరు రాలేని దినమున మీ స్థానమున పోగల యొకరిని ముందుగానే సిద్ధపఱచుకొనుడు. సంవత్సరము గడచిన పిమ్మట రెండవ పనిని గూర్చి యోచింపవచ్చును. అంతవరకు మొదటిదానిని తప్పకుండుటయే చాలును.